ఒకే పేరు, వేరు వేరు నైజాలు
యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం



జల్‌పల్లి చెరువు దాటి పహాడీ షరీఫ్ గుట్టల వైపు వెళితే, కాలనీలకూ గోదాములకూ మధ్య ఇంకా కొన్ని బీళ్లు మిగిలి ఉన్నాయి. తొలకరి పడి పది పన్నెండు రోజులైతే ఆ బీళ్ల మీద లేత గడ్డి లేస్తుంది. ఎండాకాలమంతా తుమ్మకాయలతో, ఎండు పరకలతో నెట్టుకొచ్చిన గొర్రెలు తలెత్తకుండా మేస్తాయి. కాపరికి అది సంబరం. గుండెల్లో దడ కూడా అప్పుడే. రాత్రి దొడ్డిలోకి గెంతుకుంటూ వచ్చిన పిల్ల తెల్లారేసరికి మెడ వెనక్కి విరుచుకుని, కాళ్లు బిగదీసుకుని పడి ఉంటుంది. సాధారణంగా పోయేది బక్కపిల్ల కాదు. తల్లిపాలు కడుపునిండా తాగి, మందలో అన్నిటికంటే ముందు కండపట్టిన పిల్లే పోతుంది.

గొల్ల కురుమలు దీన్ని చిటుకు రోగం అంటారు. చిటికె వేసేంతలో ప్రాణం తీసే జబ్బుకు తగిన పేరే అది. పశువైద్యుల భాషలో ఎంటిరోటాక్సీమియా. దీనికి కారణం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ పేరున్న సూక్ష్మజీవి చచ్చిన పిల్ల పేగుల్లోనే కాదు, పక్కన నెమరు వేస్తున్న తల్లి గొర్రె పేగుల్లోనూ ఉండొచ్చు, కాపరి పేగుల్లోనూ ఉండొచ్చు, మంద తొక్కిన మట్టిలోనూ ఉండొచ్చు. అన్నిచోట్లా పేరు ఒకటే. మరి ఒకచోట ఏళ్ల తరబడి ఊరకుండి, మరోచోట రాత్రికి రాత్రి చంపేదేమిటి? ఈ ఉపన్యాసం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి ఈ విషయాన్ని సమర్పించడానికి కారణం ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది పేగు జబ్బే. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే జబ్బు అది. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. తర్వాత అమెరికా చేరి, హార్వర్డ్‌లో కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారాక ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన నాయకత్వంలో వెలువడ్డాయి. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. మంద పేగుల కథలో ఆరియోమైసిన్‌కు పెద్ద పాత్రే ఉంది. దాని వంతు వచ్చేముందు చచ్చిపోయిన గొర్రెపిల్ల దగ్గరికి వెళ్లాలి.

చిటుకు రోగం చెప్పే పాఠం

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్‌ను శాస్త్రజ్ఞులు అది తయారుచేసే విషాలను బట్టి విడదీస్తారు. చాలాకాలం ఎ నుంచి ఇ దాకా ఐదు రకాలుండేవి. 2018లో ఎఫ్, జి అనే మరో రెండు చేర్చారు. ఆల్ఫా విషం తయారీ ఈ జాతి మొత్తానికీ ఉమ్మడి గుణం. ఎప్సిలాన్ అనే విషం మాత్రం బి, డి రకాల సొత్తు. గొర్రెల్లో చిటుకు రోగం తెచ్చేది డి రకం.

ఎప్సిలాన్ జన్యువు ఉండే చోటును గమనించాలి. అది సూక్ష్మజీవి ప్రధాన జన్యుపటంలో ఉండదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటుంది. ప్లాస్మిడ్ చేతిసంచి లాంటిది. ఒక సూక్ష్మజీవి పక్కదానికి అతుక్కుని, ఆ సంచికి నకలు తీసి అందించగలదు. సంచి పోగొట్టుకోనూగలదు. కనుక ఒకే జాతి, ఒకే పేరు, పక్కపక్కనే కాపురం ఉన్నా, సంచిలో ఏముందన్నదాన్ని బట్టి ఒకటి సాధువు, మరొకటి హంతకి.

సంచి ఉన్నంత మాత్రాన చావు రాదు. మామూలు రోజుల్లో ఈ సూక్ష్మజీవులు కొద్ది సంఖ్యలో ఉంటాయి, పేగు కదలికతో బయటికి పోతుంటాయి. మేత ఒక్కసారిగా మారితే కథ మారుతుంది. లేత గడ్డి, గింజలు, పాలు అతిగా పడినప్పుడు పిండిపదార్థం, చక్కెర అరక్కుండానే చిన్నపేగులోకి జారతాయి. అక్కడ వీటికి పండుగ. అనుకూలమైన వేడిమిలో, తిండి దొరికితే, ఈ సూక్ష్మజీవి పది నిమిషాలకే రెండింతలవుతుంది. ఒక్కటి రెండు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. అవి విడిచే ఎప్సిలాన్ మొదట నిద్రాణంగానే ఉంటుంది. మాంసకృత్తులను అరిగించడానికి గొర్రె సొంత పేగులో ఊరే ట్రిప్సిన్ దాన్ని కోసి మేల్కొలుపుతుంది. అక్కడినుంచి విషం రక్తంలో కలిసి మెదడు రక్తనాళాలకు చిల్లులు పెడుతుంది. మెడ వెనక్కి విరుచుకోవడం అందుకే. కళేబరం కోసి చూస్తే మూత్రపిండం వేలితో నొక్కితే చితికేంత మెత్తగా ఉంటుంది. బాగా తిన్న పిల్లే పోతుందన్న కాపరి మాట, ఈ జీవరసాయన శాస్త్రం అంతటికీ ఒక్క వాక్యంలో సారాంశం.

విరుగుడు కూడా ఇదే అవగాహన నుంచి వచ్చింది. చిటుకు రోగం టీకా సూక్ష్మజీవిని పేగులోంచి వెళ్లగొట్టదు. విషాన్ని నిర్వీర్యం చేసి గొర్రెకు ఎక్కిస్తారు, ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయి. డి రకంలో ఎన్ని తెగలున్నా చంపే ఆయుధం ఒకటే కనుక, ఆ ఆయుధాన్ని మొద్దుబార్చితే చాలు. హైదరాబాద్ శాంతినగర్‌లోని వెటర్నరీ బయలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పశువుల టీకాలు తయారుచేసే పాత ప్రభుత్వ సంస్థ. వానలకు ముందు, మే నెలలో ఈ టీకా వేయించాలి. మొదటిసారి వేయించుకున్న పిల్లకు రెండు మూడు వారాల్లో మరో మోతాదు పడాలి. తొలకరి పడ్డాక పరుగెత్తితే గడ్డి ముందు గెలుస్తుంది.

మనిషి దాకా వచ్చే బాట

చిటుకు రోగం పశువును చంపుతుంది. ఇంకో రకం సూక్ష్మజీవులు పశువుకు హాని చేయకుండా మనిషిని పట్టుకుంటాయి. జర్మన్ శిశువైద్యుడు థియోడర్ ఎషెరిష్ 1885లో పసిపిల్లల మలంలో కనిపెట్టిన ఎషరీషియా కోలై, వాడుకలో ఇ కోలై, దాదాపు ప్రతి మనిషి పేగులోనూ ఉంటుంది. చాలావరకు అది మంచి ఇరుగుపొరుగే. 1982లో అమెరికాలోని ఒరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో సరిగా ఉడకని గొడ్డుమాంసపు బర్గర్లు తిన్నవారికి నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి. వెతికితే దొరికింది ఇ కోలైలోనే ఓ157:హెచ్7 అనే రకం. 1897లో జపాన్ శాస్త్రజ్ఞుడు కియోషి షిగా రక్తవిరేచనాల సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఆయన పేరు పెట్టుకున్న షిగా విషమే ఈ ఇ కోలై చేతికీ చిక్కింది. చిక్కించింది ఒక వైరస్. సూక్ష్మజీవులకు సోకే వైరస్‌లు ఒకదాని జన్యువును మోసుకెళ్లి ఇంకొకదానిలో నాటగలవు.

రెండు ఇ కోలైల మధ్య తేడా ఎంత? ప్రయోగశాలల్లో పెంచే సాధు రకం కె-12 జన్యుపటాన్ని 1997లో పూర్తిగా చదివారు. అందులో దాదాపు 46 లక్షల అక్షరాలున్నాయి. 2001లో ఓ157 పటం వచ్చింది. అందులో 55 లక్షలు. ఓ157లో ఉండి కె-12లో లేని జన్యువులు 1,387 అని తేలింది. కె-12లో ఉండి ఓ157లో లేనివి 528. ఇంత తేడా ఉన్నా రెంటికీ పేరు ఒకటే.

ఆవు పేగులో ఓ157 హాయిగా బతుకుతుంది. ఆవుకు ఏమీ కాదు. షిగా విషం అతుక్కోవడానికి కావలసిన గ్రాహకాలు మనిషి మూత్రపిండాల రక్తనాళాల్లో మెండుగా ఉంటాయి, ఆవు పేగు రక్తనాళాల్లో ఉండవు. గొర్రెలు, మేకలు కూడా ఇలాంటి విషకారి ఇ కోలైని మోస్తాయి. మంద ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన పేడలో ప్రమాదం లేదనుకోలేం. పైగా ఓ157 మనిషికి సోకడానికి వంద సూక్ష్మజీవులు కూడా అక్కర్లేదు. పసిపిల్లల్లో అది మూత్రపిండాలు చెడిపోయే దాకా వెళ్లగలదు. ఈ జబ్బులో యాంటీబయాటిక్ వాడకానికి వైద్యులు వెనకాడతారు. మందు దెబ్బకు సూక్ష్మజీవిలో దాక్కున్న వైరస్ మేల్కొని, విషం ఇంకా ఎక్కువగా బయటికి రావచ్చు. వేరే రకం విరేచనాలకు ప్రాణం పోసే మందే ఇక్కడ ముప్పు తేవచ్చు. రకం తెలుసుకోవడం పండితుల సరదా కోసం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మందకు దూరంగా ఉన్నవారూ తప్పించుకోలేదు. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో బడి భోజనం తిన్న వేలమంది పిల్లలు ఓ157 బారిన పడ్డారు. ముల్లంగి మొలకల మీదే అనుమానం బలపడింది. 2011లో జర్మనీలో సుమారు 3,800 మంది జబ్బుపడి, 50 మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది. చివరికి దొరికినవి మెంతి మొలకలు. తెలుగింటి పోపులపెట్టెలో ఉండే మెంతులే. ఆ సూక్ష్మజీవి ఓ104:హెచ్4 మూలంలో పశువుల రకం కూడా కాదు, మనుషుల పేగుల్లో ఉండే మరో తెగ. ఎక్కడో ఒకచోట అది షిగా విషపు వైరస్‌ను సంపాదించుకుంది. ఆ సంగతి అంత త్వరగా తెలిసిందంటే, వ్యాధి వ్యాపిస్తుండగానే జన్యుపటం చదవడం వల్లే.

మన దేశంలో పరిస్థితి ఏమిటి? కలకత్తాలో పశువులు, మాంసం, రోగుల నమూనాలను కలిపి పరీక్షించిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. ఆవుల పేడ నమూనాల్లో 18 శాతంలో షిగా విషకారి ఇ కోలై కనిపించింది. నెత్తుటి విరేచనాలతో ఆస్పత్రిలో చేరినవారి నమూనాల్లో అది 1.4 శాతమే. అన్నీ ఓ157 కాని రకాలు. వాటి డీఎన్ఏ వేలిముద్రలు తీసి పోలిస్తే ఒకదానికొకటి పొంతన లేనంత వైవిధ్యం బయటపడింది. అమెరికాలో పేరుమోసిన ఒక్క రకాన్నే ఇక్కడా వెతుకుతూ కూర్చుంటే, ఇక్కడున్నవి కళ్ల ముందునుంచే వెళ్లిపోతాయి.

డీఎన్ఏ వేలిముద్ర అన్న మాట హైదరాబాద్‌కు కొత్త కాదు. ఇక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో శాస్త్రజ్ఞుడు లాల్జీ సింగ్ చేసిన కృషితో అది న్యాయస్థానాల దాకా వెళ్లింది. సూక్ష్మజీవులకూ అదే తర్కం. ఒకప్పుడు డీఎన్ఏను ఎంజైములతో ముక్కలు కోసి, జెల్ మీద చారలుగా పరిచి పోల్చేవారు. తర్వాత ఏడెనిమిది జన్యువులను చదివి కుటుంబాలుగా విడదీశారు. ఇప్పుడు మొత్తం పటాన్నే చదువుతున్నారు. రోగిలో దొరికినదీ, మందలో దొరికినదీ ఒక్క తల్లి బిడ్డలా, పేరు మాత్రం కలిసిన పరాయివారా అన్నది ఈ చదువుతోనే తేలుతుంది.

బంగారు మందు, మారిన పేగు

1945లో అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ క్షేత్రం నుంచి లెడర్లేకు ఒక మట్టి పొట్లం చేరింది. ఎరువు వేయకుండా ఏళ్ల తరబడి గడ్డి పెంచిన 23వ నంబరు మడిలోని మట్టి అది. సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలో వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్ ఆ మట్టిలోంచి బంగారు రంగు సూక్ష్మజీవిని వేరుచేశారు. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులకు నోటితో మింగే మందు దొరికింది. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరకుండా కాపాడిందో లెక్క కట్టలేం.

సుబ్బారావు పోయిన రెండేళ్లకు, 1950లో, అదే లెడర్లేలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ మరో సంగతి ప్రకటించారు. బీ12 విటమిన్ చౌకగా దొరుకుతుందని ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు విటమిన్ వల్ల పెరగాల్సినదానికన్నా ఎక్కువ పెరిగాయి. పిప్పిలో మిగిలిన మందు చలవ అది. అక్కడినుంచి జబ్బులేని కోళ్లకు, పందులకు, దూడలకు దాణాలో చిటికెడు యాంటీబయాటిక్ కలపడం లోకమంతా వాడుకైంది.

చిటికెడు మందు పేగులోని సూక్ష్మజీవులన్నిటినీ చంపదు. తట్టుకునే జన్యువున్నవాటికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. ఆ జన్యువుల్లో చాలావరకు ప్లాస్మిడ్ సంచుల్లోనే తిరుగుతాయి. 1976లో స్టువర్ట్ లెవీ బృందం మసాచుసెట్స్‌లోని ఒక చిన్న పొలంలో కోడిపిల్లలకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టి చేసిన పరిశీలన ఇందుకు గొప్ప సాక్ష్యం. ముందు కోళ్ల పేగుల్లో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి. ఆరు నెలలు తిరిగేలోపు ఆ పొలం కుటుంబం పేగుల్లోనూ అవే ఎక్కువయ్యాయి. ఆ ఇంట్లోవారు మందు మింగలేదు. కోళ్లతో కలిసి బతికారు, అంతే.

2015లో చైనాలో పందుల్లో కనిపించిన ఎంసీఆర్-1 జన్యువు ఇదే దారిలో వచ్చింది. ఆస్పత్రుల్లో ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను నిర్వీర్యం చేసే ఈ జన్యువు కూడా ప్లాస్మిడ్ మీదే ఉంది. 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహార పశువుల్లో, దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. సుబ్బారావు బృందం ఇచ్చిన మందు విలువ తెలిసినవారెవరైనా, దాన్ని బరువు పెంచే దినుసుగా ఖర్చుచేయడాన్ని బాధపడకుండా చూడలేరు.

బీడు మీద మేసే మందకు ఒక మేలుంది. దాణా సంచిలోని మందు దాని నోటికి అందదు. కాపరి జేబులోని మాత్ర అందుతుంది. పిల్ల పారుకుంటే దుకాణంలో అడిగి తెచ్చి, సగం మాత్ర ఇవాళ, సగం రేపు వేసి, తగ్గగానే ఆపేయడం మందల్లో కొత్త కాదు. తప్పు కాపరి ఒక్కడిదే కాదు. దగ్గర్లో వైద్యుడు లేనప్పుడు దుకాణమే వైద్యశాల అవుతుంది.

జల్‌పల్లి అంచున

2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య దాదాపు 1 కోటి 91 లక్షలు. దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. దేశం మొత్తం మీద ప్రతి నాలుగు గొర్రెల్లో ఒకటి తెలంగాణది. 2012తో పోలిస్తే సంఖ్య దాదాపు సగం మేర పెరిగింది. 2017లో మొదలైన పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో గొల్ల కురుమలకు ఇచ్చారు. వీటిని పక్క రాష్ట్రాల నుంచీ కొన్నారు. గొర్రె లారీలో వచ్చినప్పుడు దాని పేగులోని లోకం కూడా వెంటే వస్తుంది. వేర్వేరు నేలల గొర్రెలు ఒకే దొడ్డిలో పడుకున్నప్పుడు, వేర్వేరు సంచుల సూక్ష్మజీవులకు ఇచ్చిపుచ్చుకునే అవకాశం పెరుగుతుంది.

జల్‌పల్లి ఇలాంటి కలయికకు మధ్యలో ఉంది. దక్షిణాన 2008 మార్చి నుంచి విమానాలు దిగుతున్న శంషాబాద్ విమానాశ్రయం ఒక్కటే 5,500 ఎకరాల మేర పరుచుకుంది. ఉత్తరాన బార్కస్, చాంద్రాయణగుట్ట. బక్రీద్ దగ్గరపడితే ఆ రోడ్ల వెంట జిల్లాల నుంచి దిగిన గొర్రెలు, మేకలు బారులు తీరతాయి. ఆషాఢం వస్తే బోనాల పొట్టేళ్లు. ఊళ్లు కాలనీలయ్యే కొద్దీ మేత నేల కుంచించుకుపోతోంది. ఒకప్పుడు పది బీళ్ల మీద చెదిరిన మందలు ఇప్పుడు రెండు బీళ్ల మీద, ఒకే చెరువు గట్టున కలుస్తున్నాయి. ఆ చెరువులోకే ఇళ్ల మురుగూ చేరితే, మనిషి పేగు సూక్ష్మజీవులు కూడా మంద దాహంతో పాటు లోపలికి పోతాయి.

దగ్గరగా ఒక్క దృశ్యం చూద్దాం. పంట కోశాక రైతు కాపరిని పిలిచి చేలో మంద పెట్టిస్తాడు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటాయి. తెల్లారి మంద లేచేసరికి చేను నిండా నల్లటి పెంటికలు. మూత్రం తడిసిన మట్టి వాసన. కాపరికి గింజలో, డబ్బులో ముడతాయి. రైతుకు ఏ బస్తా ఎరువూ ఇవ్వని సత్తువ దొరుకుతుంది. వందల ఏళ్లుగా దక్కన్ మెట్ట పొలాలను బతికించిన పద్ధతి అది, దాన్ని మానమనడం తెలివితక్కువతనం. ఆ చేలో నాటబోయే పంట ఏదన్నదే చూసుకోవాలి. జొన్నకు, కందికి భయం లేదు. వండకుండా తినే కొత్తిమీరకు, ముల్లంగికి, కీరాకు మాత్రం పచ్చి పెంట తగలకూడదు. కలపకుండా, గాలాడకుండా కుప్పపోసి వదిలేసిన గొర్రె ఎరువులో ఓ157 సూక్ష్మజీవి 21 నెలలు బతికి ఉన్నట్టు అమెరికాలో 1998లో వెలువడిన అధ్యయనం చూపింది. కుప్పను తిరగేస్తూ, లోపల వేడెక్కేలా మాగబెడితే దాని ఆయుష్షు బాగా తగ్గుతుంది.

ఇంటి జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. పిల్లను ఎత్తుకుని ఆడిన పసివాడికి సబ్బుతో చేతులు కడిగి అన్నం పెట్టడం, పాలు పొంగేదాకా కాచడం, ఖీమా లోపలిదాకా ఉడికించడం. వీటికి జన్యుశాస్త్రం అక్కర్లేదు. ఏ మందలో, ఏ నెలలో, ఏ రకం తిరుగుతోందో తెలియాలంటే మాత్రం అది కావాలి.

అందుకు కావలసినవన్నీ హైదరాబాద్ చుట్టూ ఉన్నాయి. జల్‌పల్లికి పడమరన రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి వైపు జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, హబ్సిగూడలో సీసీఎంబీ. మేలో టీకా వేసేవారు ఎలాగూ మంద దగ్గరికి వస్తారు. సూది వేసే చేత్తోనే నాలుగు పెంటికలు ఒక గొట్టంలోకి తీసి, మూత బిగించి, చల్లటి పెట్టెలో పెట్టొచ్చు. వానల్లో పిల్ల చనిపోతే పారేయకుండా, కొన్ని గంటల్లోపే పేగులోని ద్రవం తీసి పంపొచ్చు. ఆలస్యమైతే కుళ్లిన పేగులో అన్ని రకాలూ పెరిగి అసలుది మరుగున పడుతుంది. ఫలితం తిరిగి కాపరి చెవిన పడాలి. డి రకం దొరికితే టీకా తేదీ ముందుకు జరపాలని, మందుకు లొంగని ఇ కోలై దొరికితే ఆ మాత్ర ఇక దండగని అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

గొట్టం మీద చీటీ తప్పనిసరి. తేదీ, ఊరు, బీడు పేరు, తాగిన నీళ్లు, ఈమధ్య వేసిన మందు రాయాలి. శాన్‌బార్న్ నుంచి వచ్చిన పొట్లం మీద మడి నంబరు ఉండబట్టే ఆరియోమైసిన్ ఏ మట్టిలో పుట్టిందో ఇవాళ్టికీ చెప్పగలుగుతున్నారు. జల్‌పల్లి చెరువు గట్టున మేసిన గొర్రె పెంటికలకూ అంతటి చిరునామా కావాలి. వచ్చే మే నెలలో, తొలకరికి ముందే, ఒక్క మందతోనైనా అది మొదలుకావాలి.